ఒడి విత్తనం

నిన్న పొద్దున మా మనవరాలు వంటింట్లో నేలమీద చతికిలబడి చిన్న ఉల్లిపాయల బుట్ట దులపడం మొదలుపెట్టింది. బడికి సెలవులు. ఫోను వాళ్ళమ్మ లాక్కుని ఆఫీసుకు పోయింది. ఏమీ తోచక ఆ పని పెట్టుకుంది. పొట్టు ఒక పక్కకు, గడ్డలు ఒక పక్కకు తీస్తూ తీస్తూ ఒకటి ఎత్తి నాకు చూపించింది.

"అవ్వా, ఇది కెట్టుపోయె. పారేసేదా?"

చూస్తే నెత్తిన పచ్చటి మొలక, అడుగున తెల్లటి వేళ్ళు.

"అయ్యో, పారెయ్యొద్దే! అది కెట్టుపోలేదు, మొలిచింది" అని గబుక్కున లాక్కున్నాను. లాక్కున్నానే గానీ దాన్ని ఏం చెయ్యాలో నాకూ తెలియలేదు. ఆర్.ఎస్. పురంలో మేడమీద కాపురం మాది. బాల్కనీలో తొట్లు తప్ప మట్టన్నది కళ్ళపడదు. గడ్డను అరచేతిలో పెట్టుకుని అలాగే నిలబడ్డాను. పొట్టు వాసన ముక్కుకు తగిలింది. ఇంక నన్ను ఆపేదెవరు? మా తోట, తోటలో మా అవ్వ, మా పాపత్త, అందరూ వచ్చేశారు.

సింగానల్లూరు దాటి తూర్పుకు పోతే, ఇప్పుడు వర్క్‌షాపులూ గోడౌన్లూ నిండిపోయిన చోట మా తోట ఉండేది. ఎర్రమట్టి నేల. మధ్యలో లోతైన బావి, తొంగి చూస్తే కళ్ళు తిరిగేవి. నా చిన్నప్పుడు ఎద్దులతో కపిల తోలేవాళ్ళు. తోలు సంచి పైకి వచ్చి నీళ్ళు దభాలున కాలవలో పడితే, నేను పరికిణీ ఎత్తిపట్టుకుని ఆ కాలవలో నిలబడేదాన్ని. తర్వాత మోటారు వచ్చింది. నీళ్ళు వచ్చేవి, ఆ చప్పుడు పోయింది.

ఇంట్లో అవ్వ, అంటే నాయన తల్లి. నాయన, అమ్మ, నేను. ఇంకా నాయన చెల్లెలు. ఆమెను ఇంటిల్లిపాదీ పాప అనే పిలిచేవాళ్ళు. అందరికీ పాప కాబట్టి నాకు పాపత్త. తాతను నేను చూడలేదు. నాయన నిక్కర్లు వేసుకునే రోజుల్లోనే ఆయన పోయాడట. నాకు తెలిసేనాటికి ఆ ఇంటికి మొగోడంటే మా నాయన ఒక్కడే. మాది తెలుగు ఇల్లు. ఎప్పుడో పూర్వీకులు వలస వచ్చి ఈ తమిళ దేశంలో నాటుకుపోయారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపమొస్తే రెండూ. 'అంతే' అనే చోట 'అంతే దా' అని ఒత్తి పలకడం తమిళం నుంచే అంటుకుంది. నెలలు మాత్రం తమిళ నెలలే.

ఉల్లిపాయను మేము ఎర్రగడ్డ అనేవాళ్ళం. ఆషాఢంలో వచ్చే ఆడిలో ఒక పంట, సంక్రాంతితో పుట్టే తైలో ఒక పంట. దీనికి విత్తనం గింజ కాదు, గడ్డే. బోదెల పక్కన తడిమట్టిలో వేరు కిందికి, ముక్కు పైకి పెట్టి వేలితో నొక్కాలి. ఆకులు గొట్టాల్లా లేచి నిలబడితే, నేను ఒక్కొక్కటి తుంచి పీపీ ఊదేదాన్ని. "ఊదవే ఊదు, నీ పెండ్లికి మేళం మిగిలె!" అని అవ్వ తిట్టేది. ఆకులన్నీ సోలిపోయి నేలమీద వాలాయంటే గడ్డ తీతకు వచ్చినట్టు. తీసిన రోజున తోటంతా ఘాటు. చీరలకూ వాసనే, తాగే నీళ్ళకూ వాసనే. చద్దన్నంలో మజ్జిగ పోసుకుని, మట్టి తుడిచిన పచ్చిగడ్డ కసుక్కున కొరికి బడికి పోతే, మా టీచరమ్మ ముఖం పక్కకు తిప్పుకుని లెక్కలు చెప్పేది. నేను కావాలనే దగ్గరికి పోయి డౌట్లు అడిగేదాన్ని.

తీసిన గడ్డ నిలవ చెయ్యడానికి పట్టరై కట్టేవాళ్ళు. రాళ్ళమీద కర్రలు పరిచి, కింద గాలి ఆడేలా కట్టిన కొట్టు అది. పైన కొబ్బరి మట్టల కప్పు. విత్తనపు గడ్డలు మాత్రం అందులోకి పోవు. వాటిని కట్టలు కట్టి, వంటింట్లో పొయ్యిపైన దూలానికి వేలాడదీసేది అవ్వ. ఆ పొగకు అవి పురుగు పట్టకుండా ఉండేవి. వాటిమీద చెయ్యి వేస్తే మాత్రం అట్లకాడ కాలేది.

"ఉల్లి చేసే మేలు తల్లి కూడా చెయ్యదు" అని ఆమెకు ఊతపదం. జలుబు చేస్తే అదే మాట, ఎండదెబ్బ తగిలితే అదే మాట. అమ్మ పప్పులో గడ్డలు తక్కువ వేస్తే కూడా అదే మాట.

తై నెల చివర దోస పెట్టేవాళ్ళు. మేం దోసపండు అనేదాన్ని ఇప్పుడు బజారులో కర్బూజా అంటున్నారు, కానీ దానికీ దీనికీ పోలికే లేదు. మా పండు పైన పసుపు, లోపల వెన్న. పగిలిందంటే బావి అవతలికి కూడా వాసన తెలిసేది. పంగుని నెల ఎండల్లో బెల్లం, యాలకులు వేసి పిసికి గిన్నెల్లో పోసుకు తినేవాళ్ళం.

దోసపండును తెంపకూడదని అవ్వ శాసనం. అదే తొడిమ వదలాలి, అప్పుడు ఎత్తుకోవాలి. అంతదాకా ఎవరు ఓర్చుకుంటారు! పాపత్త నన్ను చంకనేసుకుని పోయి, తొడిమ దగ్గర కాలి బొటనవేలితో మెల్లగా ఒక తోపు తోసేది. తర్వాత ఇద్దరం అమాయకంగా ముఖాలు పెట్టుకుని పండు మోసుకొచ్చేవాళ్ళం.

"అదే వదిలేసిందమ్మా" అనేది పాపత్త.

"అది వదిలెనా, మీరు వదిలించినారా?" అని అవ్వ తొడిమను ముక్కు దగ్గర పెట్టుకుని చూసేది. "పచ్చివాసన దాగుతుందేమే! మేనత్త పోలిక పిల్లకు రాక యాడికి పోతుంది!" అని ఇద్దరి వీపుల మీదా చెరొకటి వేసేది. పండు మాత్రం కోసి పెట్టేది.

ఎర్రగడ్డ గానీ దోస గానీ, నాటే రోజుకు ఒక పద్ధతి ఉండేది. గట్టుమీద పసుపుతో చేసిన వినాయకుణ్ణి, మా పిళ్ళారిని పెట్టి కర్పూరం వెలిగించాక, మొదటి విత్తనం అమ్మ పెట్టాలి. పసుపు కుంకుమలున్న చెయ్యి కావాలి. అవ్వ గట్టు దిగేది కాదు. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని గట్టుమీదే నిలబడి, "ముక్కు పైకి పెట్టు! అంత లోతు వద్దు! ఆ పక్క తడి చాల్లేదు!" అని అరిచేది. నువ్వే దిగి పెట్టొచ్చు కదా అని ఒకసారి అడిగాను. "నా చెయ్యి అచ్చిరాదు కన్నూ" అంది.

ఆ సంగతి అమ్మ నాకు చాలా తర్వాత చెప్పింది. తాత పోయిన ఏడు ఇంట్లో ఇంకో ఆడదిక్కు లేక అవ్వే దిగి విత్తనం పెట్టిందట. ఆ పంట ఇంటికి రాకముందే నాయనకు అన్న, ఇంత పిల్లవాడు, జ్వరంతో పోయాడు. ఊరు అవ్వ చేతిని చూసింది. అవ్వా తన చేతినే చూసుకుంది. అప్పటినుంచి ఆ చేతులు కొంగులోనే ఉండిపోయాయి.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. ఆ గడ్డ, ఆ దోస మా తోటవి కావు, అవ్వవి. ఆమె పెళ్ళయి వచ్చినప్పుడు వాళ్ళమ్మ ఒడిలో పోసి పంపిన విత్తనం. వాళ్ళమ్మకు వాళ్ళమ్మ పోసింది. కూతురికి ఎన్ని నగలు పెట్టినా పెట్టకపోయినా ఒడి విత్తనం లేకుండా గడప దాటించకూడదు. దాన్ని అమ్మకూడదు, అడిగినవాళ్ళకు ఇవ్వకూడదు. తల్లి ఒడినుంచి కూతురి ఒడికి పోవాలి, అంతే.

పాపత్తను తిరుప్పూరు అవతల ఊరికి ఇచ్చారు. పంపించే రోజున అవ్వ ఆమెను పీటమీద కూర్చోబెట్టి, ఒడిలో ఎర్రగడ్డలూ గుప్పెడు దోసగింజలూ పోసి కొంగు ముడివేసింది. పాపత్త కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "వాళ్ళింట్లో పండు తొడిమను నేను ఒక్కదాన్నే తొయ్యాలమ్మా" అంది. అవ్వ కూడా నవ్వింది. వాళ్ళిద్దరూ కలిసి నవ్వడం నేను చూసింది అదే ఆఖరు. అప్పుడు తెలియదు కదా, చూసి ఊరుకున్నాను.

మరుసటి ఏడు ఐప్పసి వానలు, దీపావళి నెల వానలు, మమ్మల్ని ముంచాయి. ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది. వంటింటి పైకప్పు ఒక మూల కూలి, దూలానికి వేలాడిన విత్తనపు కట్టలన్నీ నాని కుళ్ళిపోయాయి. దోసగింజలను అవ్వ పేడలో కలిపి పిడకలుగా గోడకు కొట్టి దాచేది. ఆ గోడ ఉత్తరపు వానకు ఎదురుగా ఉండేది. పిడకలు కరిగి బురదై కారిపోయాయి. అవ్వ ఆ బురదలో కూర్చుని వేళ్ళతో వెతికింది. ఒక్క గింజ దొరకలేదు.

"పోనీ లేమ్మా. పాప దగ్గర ఉండాది కదా. తెప్పిస్తా" అన్నాడు నాయన.

ఆ మాటకు అవ్వ కాస్త తేరుకుంది. నాయన తిరుప్పూరు పోయే లోపలే అటునుంచి కబురొచ్చింది. పాపత్త మొగుడికి జ్వరం. వీళ్ళు పరుగెత్తేసరికి మనిషి లేడు.

తై పుట్టిన కొన్నాళ్ళకు పాపత్త మా ఇంటికి తిరిగొచ్చింది. అత్తగారు వాళ్ళే పంపేశారు. బస్సు దిగి తోటదారిన నడిచి వస్తోంది. తెల్లచీర, బోసి నుదురు. నేను పరుగెత్తిపోయి కాళ్ళకు చుట్టుకున్నాను. ఆమె నన్ను ఎత్తుకోలేదు. రెండు చేతులతో ఒడిని పట్టుకుని ఉంది.

ఇంటి ముందు అరుగుమీద కూర్చుని కొంగు విప్పింది. ఎర్రగా నిగనిగలాడే విత్తనపు గడ్డలు. వాటి మధ్య గుడ్డ మూటలో దోసగింజలు.

"అమ్మా, ఇంట్లో అంతా కుళ్ళిపోయె అని అన్న చెప్పినాడే. ఆడిలో నేనే నాటిన. మన విత్తనమేమ్మా. చూడు, ఎట్ల ఉండాదో!" అంది. మొగుడు పోయిన మనిషి ముఖంలో ఆ కాస్త వెలుగు చూసి అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మా ఇంట్లో తనకింక ఏం చోటుందో పాపత్తకు తెలియదు. ఆ గడ్డలు ఈ మట్టిలో పడితే తనూ ఇక్కడిదే అవుతుందని ఆమె ఆశ. పిల్లదాన్ని నాకే అర్థమైంది, అవ్వకు అర్థం కాకుండా ఉంటుందా?

అవ్వ గడపలో నిలబడి ఆ గడ్డలను చూసింది. చెయ్యి చాచలేదు.

"వద్దు పాపా."

"ఏమ్మా?"

"నీ ఒడినుంచి విత్తనం వద్దు. ఇంట్లో ఉండేది ఒక్క మొగోడు. నా చెయ్యి పెట్టి ఒకణ్ణి పంపించినా. ఇంగొకణ్ణి పంపించమంటావా?"

నాయన కలగజేసుకున్నాడు. "ఏం మాట అమ్మా అది! నాకేమీ కాదు. ఆ గడ్డలు లోపలికి తీసుకో."

"నువ్వు ఊరుకోరా! కన్నది నేను. దాన్ని లోపలికి రానీ, ఇది దాని ఇల్లు. తినడానికి ఉండాది, కట్టడానికి ఉండాది. విత్తనం మాత్రం వద్దు." అవ్వ రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది. "ఆ గడ్డలు కూరకు ఒలిచెయ్యి. గింజలు పారెయ్యి."

విత్తనం వండుకు తిన్న ఇల్లు నిలబడదని చెప్పిందీ ఆ అవ్వే.

పాపత్త చేట తెచ్చుకుని అరుగుమీద కూర్చుని, ఒక్కొక్క గడ్డా ఒలవసాగింది. కాసేపటికి అవ్వ వచ్చి ఎదురుగా కూర్చుని తనూ అందుకుంది. ఇద్దరి కళ్ళవెంటా నీళ్ళు ధారలు కట్టాయి. ఎర్రగడ్డ ఒలిచేవాళ్ళను ఎందుకు ఏడుస్తున్నావని ఎవరూ అడగరు. వాళ్ళు ఒకరినొకరు అడగలేదు.

"ఈ తడవ గడ్డ రొంబ ఘాటు" అంది అవ్వ, ఎటో చూస్తూ.

"ఆమా" అని తలూపింది పాపత్త.

నాకేం తెలుసు! పెద్దవాళ్ళు మాట్లాడకుండా కూర్చుంటే భయమేసింది. అవ్వను నవ్విద్దామని ఆమె మాటే ఆమెకు అప్పజెప్పాను. "ఉల్లి చేసే మేలు తల్లి కూడా చెయ్యదు, కదవ్వా?"

పాపత్త చేతిలో గడ్డ ఆగిపోయింది. అవ్వ లేచి లోపలికి పోయింది. ఆ రోజు తర్వాత ఆ సామెత అవ్వ నోట మళ్ళీ నేను వినలేదు. సాంబారు మాత్రం ఘుమఘుమలాడింది. అందరం తిన్నాం.

దోసగింజలను పాపత్త పారెయ్యలేదు. మరుసటి రోజు పశువుల కొట్టం వెనక గోడకు, చూరు కింద వాన తగలని చోట, గింజలు కలిపిన పేడను ముద్దలు ముద్దలుగా కొట్టింది. నేను చూశాను. ఆమె నన్ను చూసి నోటిమీద వేలు పెట్టుకుంది. నేను ఎవరికీ చెప్పలేదు.

సంతలో కొన్న గడ్డ మా తోటలో నాటారు. పాపత్తను ఆ రోజు కొట్టం దగ్గరే ఉండమన్నారు. అమ్మ నాటుతుంటే అవ్వ గట్టుమీద నిలబడింది గానీ, ముక్కు పైకి పెట్టు, లోతు వద్దు అని అరవలేదు. పంట చక్కగా వచ్చింది. నాయన జ్వరం కూడా పడలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ గడ్డ నిలవలేదు. ఆడి వచ్చేసరికి పట్టరైలో కుళ్ళుకంపు. అప్పటికే పాపత్త మా ఇంట్లో లేదు. సింగానల్లూరులో ఒక నూలు మిల్లులో పనికి చేరి, అక్కడే వరుసగా కట్టిన లైను ఇళ్ళలో ఒక గది తీసుకుంది. తోట ఉన్నవాళ్ళ పిల్ల మిల్లు కూలికి పోవడమా అని బంధువులు బుగ్గలు నొక్కుకున్నారు. నాయన బతిమాలాడు.

"తినడానికి ఉండాది, కట్టడానికి ఉండాది అంది కదన్నా అమ్మ. ఆడ కూడా అంతే దా ఉండాది" అని పాపత్త పెట్టె ఎత్తుకుని పోయింది.

ఆ ఆడిలో అవ్వ ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి పాపత్త అత్తవారి ఊరికి పోయింది. పొద్దు వాలే వేళకు తిరిగొచ్చి అరుగుమీద కూలబడింది. ఖాళీ కొంగు దులిపి చూపించింది.

"అడిగినా. మీ బిడ్డ తెచ్చిన విత్తనం మాకు అచ్చిరాలేదు, ఉండేదంతా దున్నేసినాము అన్నారు" అని అమ్మకు చెప్పింది. "నా బిడ్డ విత్తనం వాళ్ళకూ వద్దు. తల్లికీ వద్దనె. ఇంగ దానికి ఎవరుండారే?" అని తల బాదుకుంది. అమ్మ ఆ చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మార్గళిలో చలి ఎక్కువై, నీళ్ళు కాగబెట్టడానికి పిడకలు చాలలేదు. అవ్వ కొట్టం వెనక్కి పోయి చూరు కింద ఉన్నవి పెళ్ళగించింది. నేను వెనకాలే పరుగెత్తాను, చెప్పాలా వద్దా అని. చెప్పే పని లేకపోయింది. మొదటి పిడక విరవగానే గింజలు రాలాయి. అవ్వ రెండో పిడక విరవలేదు. దానిమీద పాపత్త వేళ్ళ గుర్తులు అయిదూ ఎండిపోయి ఉన్నాయి. అవ్వ తన వేళ్ళు వాటిలో పెట్టి చూసుకుంది. అలాగే పేడగోడకు ఆనుకుని, "తల్లీ, నా తల్లీ" అని చిన్నపిల్లలా ఏడ్చింది.

తైలో ఆ గింజలను అవ్వే నాటింది. తోటలో కాదు, బావి అవతల బీడు నేలలో. కొడుకు పొలానికి ఆ చెయ్యి తగలకూడదని అంత దూరం పోయింది. పిళ్ళారి లేదు, కర్పూరం లేదు. అమ్మ వస్తానన్నా వద్దంది. కొంగులోంచి చేతులు బయటికి తీసి, మట్టి గుంట చేసి, ఒక్కో గింజా పెట్టి కప్పింది. నీళ్ళు నేను మోశాను.

పంగునిలో పండ్లు వచ్చాయి. అదే పసుపు, అదే వాసన. మొదట తొడిమ వదిలిన పండును తువ్వాలులో చుట్టి, నాయనతో నన్ను కూడా పంపింది. పాపత్త మిల్లులో షిఫ్టు ముగించుకుని వచ్చింది. జుట్టునిండా దూది. నేను మూట విప్పకముందే ఆమె గడపలో ఆగిపోయింది.

"ఏం వాసన అది?" అంది. తర్వాత, "ఎవరే పెట్టినారు? వదినా?" అని అడిగింది.

"లేదు, అవ్వే."

"అవ్వా? తన చేత్తోనా?"

"తన చేత్తోనే. బావి అవతల."

పాపత్త కింద కూర్చుంది. పండును ఒళ్ళో పెట్టుకుని తొడిమ ఉన్న చోట వేలితో తడుముతూ ఉండిపోయింది. తర్వాత కోసి, ఆ వరుసలో ఉన్న ఆడవాళ్ళందరినీ పిలిచి పంచింది. తనూ ఒక ముక్క తింది. గింజలు కడిగి, బూడిద పూసి, కిటికీలో కాగితంమీద ఆరబెట్టింది.

"పండు తీపిగా ఉండాదని చెప్పు మా అమ్మకు. అంతే చెప్పు" అంది.

నేను అంతే చెప్పాను. అవ్వకు పండు సంగతి అక్కర్లేదు. "గింజలేం చేసింది?" అని అడిగింది. బూడిద పూసి ఆరబెట్టిందని చెబితే ఆమె ముఖం విప్పారింది. ఆ ఎండాకాలం మిగతా పండ్లన్నీ మేమే తిన్నాం. అమ్మ గింజలు దాచబోతే అవ్వ చేతిలోంచి లాక్కుని ఆవుల కుడితిలో పోసేసింది.

"ఇంట్లో ఉండకూడదు. దాని దగ్గర దా ఉండాల. తైలో అది తెచ్చి, అదే పెట్టాల. తోట నడిమధ్యలో" అంది.

అది అవ్వ క్షమాపణ. కానీ ఆ మాట ఆమె కూతురికి చెప్పలేదు. నేను పోయి చెప్పొస్తానంటే, "పిలిస్తే వచ్చేదానికి అది ఏమన్నా పరాయిదా? దానికే తెలుస్తుంది" అంది. అక్కడ పాపత్తేమో రమ్మని ఒక్క మాట కోసం కాచుకుని ఉంది. నాయన పోయినప్పుడల్లా, "అమ్మ ఏమన్నా చెప్పిందా?" అని అడిగేదట. మా వాళ్ళ పొగరు అలాంటిది. ప్రాణమైనా ఇస్తారు, రా అని మాత్రం అనరు.

తై రాకుండానే మార్గళిలో అవ్వ మంచం పట్టింది. ఛాతీలో కఫం, మాట కష్టం. నాయన మిల్లుకు పరుగెత్తాడు. అవ్వ కళ్ళు గుమ్మంమీదే పెట్టి, అమ్మను పదే పదే అడిగింది. "పాప వచ్చెనా? కొంగులో ఏమన్నా ఉండాదా చూడు." అడుగుతూ అడుగుతూనే పోయింది.

పాపత్త వచ్చేసరికి అవ్వను ఇంటిముందు పడుకోబెట్టారు. చుట్టూ బంధువులు. నాకు పాపత్త కొంగు కనబడింది. కొసన ముడి ఉంది. ఆమె తెచ్చింది. ఎవరూ పిలవకపోయినా, తల్లికి బాగాలేదనగానే ఆ గింజలు కట్టుకుని వచ్చింది.

ఆమె ఇంకా తల్లిదగ్గర కూర్చోలేదు, దూరపు బంధువు ఒకామె పక్కనున్నామెతో అంది, అందరికీ వినబడేలా. "ముండమోపి చేత్తో విత్తనం పెడితే ఇంతే. బావి అవతల పెట్టిందట. పండు తిన్నారు, మనిషి పోయె."

నాయన ఆమెమీదికి లేచాడు. పాపత్త మాత్రం తల్లి పక్కన కూర్చుని ముడి విప్పింది. అవ్వ చీర మడత సరిచేసి, ఆ ఒడిలో గింజలన్నీ పోసింది. అమ్మ గబగబా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"పాపా, అంతా వద్దే. ఒక్క గింజ ఉంచవే. మీ అమ్మ నీ కోసమే కదే..."

"వద్దు వదినా." పాపత్త తల్లి ముఖం చూస్తూ అంది. "నీ విత్తనం నీకేమ్మా. ఇంగ ఎవరి ఒడిలోకీ వద్దు."

అలాగే మోసుకుపోయారు. గింజలు అవ్వతోనే కాలిపోయాయి. తైలో అవ్వ ఆమె చేత్తోనే తోట నడిమధ్య పెట్టించాలనుకుందని అమ్మ ఆ సాయంత్రం పాపత్తకు చెప్పింది. చెప్పకపోయినా బాగుండేది. పాపత్త అరుగుమీద పడి ఏడ్చిన ఏడుపు నా చెవుల్లో ఇంకా ఉంది. తొందరపడి ఆ గింజలు పోసింది కోపమో ప్రేమో భయమో, నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె మిల్లులోనే ముసలిదై, ఆ లైను ఇంట్లోనే పోయింది. నా పెళ్ళికి అమ్మ ఒడిలో బియ్యం పోసింది, పసుపు కొమ్ములు పెట్టింది. విత్తనం లేదు. బావి ఎండింది. తోట చేతులు మారింది. బజారులో దోసపండు కనబడితే ఎత్తి తొడిమ వాసన చూస్తాను. కొట్టువాళ్ళు విసుక్కుంటారు. ఆ వాసన ఎక్కడా లేదు.

"అవ్వా, ఎంతసేపు అట్లే నిలబడతావు?" అని మనవరాలు నా చీర లాగింది. బాల్కనీలో ఒక ఖాళీ తొట్టి లాక్కొచ్చి, నీళ్ళు పోసి మట్టి మెత్తగా చేసిపెట్టింది. "నువ్వే పెట్టు. నీకే దా తెలుసు."

నా మొగుడు పోయి రెండేళ్ళవుతోంది. బొట్టు తియ్యనని బంధువులందరి ముందూ దెబ్బలాడినదాన్ని నేను. ఇలాంటివన్నీ పనికిమాలిన మాటలని నలుగురికీ చెప్పేదాన్ని. వంగాను. గడ్డ వేరు మట్టికి తగలబోయింది. ఆ పొద్దునే అల్లుడు బండిమీద తిరుప్పూరు బయల్దేరిన సంగతి గుర్తొచ్చింది. లారీలు తిరిగే రోడ్డు.

నా చెయ్యి పోలేదు. ఎంత తిట్టుకున్నా పోలేదు. అన్నేళ్ళుగా అవ్వమీద పెట్టుకున్న కోపమంతా ఆ ఒక్క క్షణంలో కరిగిపోయింది.

"నువ్వు పెట్టు కన్నూ" అని గడ్డను దాని చేతికిచ్చి వెనక్కి జరిగాను.

అది మోకాళ్ళమీద కూర్చుంది. "ఎట్ల పెట్టాల?"

"వేరు కిందికి, ముక్కు పైకి. అంత లోతు వద్దు. ఆ పక్క తడి చాల్లేదు చూడు." చెబుతూ చెబుతూ చూసుకుంటే, నా రెండు చేతులూ కొంగులో చుట్టుకుని ఉన్నాయి.

మనవరాలు వేలితో మట్టి నొక్కి, మెచ్చుకుంటానని తలెత్తి నా ముఖం చూసింది.

"ఏమవ్వా, ఏడుస్తుండావా?"

"ఏం లేదే. ఎర్రగడ్డ కదా, కళ్ళు మండుతున్నాయి."

అది తొట్టి వంక చూసింది. మళ్ళీ నా వంక చూసింది.

"కొయ్యనే లేదు కదవ్వా!"